పేరు లేని బొమ్మలు

“ఈసారి నగ్నచిత్రాల గురించి రాస్తున్నానండీ” అంటే మావారు పేపరు దించి కళ్ళజోడు మీంచి చూశారు. “రాయడానికి ఇంకేమీ దొరకలేదా? పచ్చళ్ళ గురించి రాస్తానంటివిగా?”

పచ్చళ్ళ గురించి ఎవరైనా రాస్తారు. ఈ సంగతి ఆడవాళ్ళం రాయకపోతే ఎప్పట్లాగే మగవాళ్ళు రాస్తారు. ఆడదాని ఒంటిని బొమ్మగా గీసిందీ, కొన్నదీ, ఆహా అన్నదీ, ఛీ అన్నదీ, కోర్టుకెక్కిందీ చాలావరకు వాళ్ళే. బొమ్మలో ఉన్నది మాత్రం మనం. అంచేత ఒక్కసారి మన వైపునుంచి ఈ చరిత్ర చెప్పుకుందాం.

మాది మార్కాపురం. పలకల ఊరు. నోటుపుస్తకాలు వచ్చి పలకని మూలకి నెట్టకముందు, ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్నది మా ఊరి రాతి మీదే. పూర్వం మారిక అనే ఆవిడ ఇక్కడ ఉండేదనీ, ఆవిడ పేరు మీద మారికాపురం అయి, అదే మార్కాపురంగా మారిందనీ మా పెద్దవాళ్ళు చెబుతారు. నిజమో, కట్టుకథో! ఒక ఆడమనిషి పేరు ఊరికి నిలిచిందంటే మాత్రం నాకు చిన్నప్పట్నించీ గొప్పగా ఉండేది. ఇవాళ ఈ బొమ్మల సంగతిలో నేను మాటిమాటికీ పేర్ల గొడవ ఎత్తితే, ఆ ఊరి నీళ్ళు తాగిన గుణం అనుకోండి.

మా ఊరినుంచి ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా వెళితే నాగార్జునసాగరం వస్తుంది. ఆ నీళ్ళు నిండకముందు అక్కడ విజయపురి అని ఇక్ష్వాకుల రాజధాని ఉండేది. నాగార్జునకొండలో దొరికిన శిల్పాలలో ఒకటుంది. మోకాళ్ళు ఎడంగా మడిచి కూర్చున్న స్త్రీమూర్తి. నడుము పైభాగం విరిగిపోయింది. మొలకి నగలున్నాయి గాని బట్ట లేదు. పండితులు దీన్ని లజ్జాగౌరి అన్నారు. పేరులో ఉన్న లజ్జ శిల్పంలో మచ్చుకైనా లేదు.

ఇంతకీ దీన్ని చేయించింది ఎవరనుకున్నారు? రాజుగారు కాదు, రాణిగారు. ఎహువుల చాంతమూల మహారాజు భార్య, మహాదేవి ఖండువుల. ఆ సంగతి శిల్పం మీదే శాసనంగా చెక్కి ఉంది. తాను ముత్తైదువననీ, బతికున్న బిడ్డలకి తల్లిననీ కూడా అందులో చెప్పుకుంది. సుమారు 1700 ఏళ్ళ కిందటి మాట ఇది. ఒక మహారాణి వివస్త్ర అయిన దేవత బొమ్మ చేయించి, దానిమీద తన పేరూ, కాపురమూ, బిడ్డలూ అన్నీ నలుగురూ చదివేలా రాయించింది. ఆ బొమ్మని అడిగింది ఆడది, మొక్కుకున్నది ఆడది. అలంపురం మ్యూజియంలోనూ ఇలాంటి లజ్జాగౌరి ఉంది. ఆమెకి తల ఉండవలసిన చోట తామరపువ్వు ఉంటుంది. బిడ్డల కోసం ఆడవాళ్ళు మొక్కుకునే దేవత ఆమె. అక్కడ నగ్నత్వం పంట లాంటిది, కాన్పు లాంటిది. ఇంట్లో దాచుకునే సంగతి కాదు.

మరి చాటుగా చూడవలసిన నగ్నచిత్రం మనకి ఎప్పుడు వచ్చింది? గుడి స్తంభాల మీద శృంగారం ఎప్పుడూ ఉంది. మన ప్రబంధకవులు కొప్పునుంచి కాలి మట్టెల దాకా వదలకుండా వర్ణించారు. అయితే ఒక మనిషిని పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ చేరి, చూస్తూ గీయడం అనే చదువు సీమనుంచి వచ్చింది. బొంబాయి జె.జె. కళాశాలలో గ్లాడ్‌స్టన్ సాలమన్ అనే దొర 1919 ప్రాంతంలో నగ్న మోడల్‌ని పెట్టి బొమ్మలు నేర్పే తరగతి ప్రారంభించాడు.

ఆ రోజుల్లోనే ఆ కళాశాలలో చదివినవాడు మన రాజమండ్రి కుర్రవాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టి, 1925లో మశూచికంతో పోయాడు. నిండా 28 ఏళ్ళు లేవు. ఆ కాస్త కాలంలోనే ఆంధ్రదేశానికి కొత్త చిత్రకళ చూపించాడు. రాజమండ్రిలో ఆయన పేర ఉన్న చిత్రశాలకి వెళితే చూడండి, అలంకరించుకుంటున్న ఆడవాళ్ళు, నాట్యమాడే ఆడవాళ్ళు, బట్ట ఉండీ లేనట్టున్న ఆడవాళ్ళు. వాళ్ళ ఒంట్లో ఒక మెత్తదనం ఉంటుంది. ఎవరూ మనకేసి చూసి కన్ను గీటరు, వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు గీశారు. ఆ రోజుల్లో ఒక ఇంట్లో ఆడవాళ్ళు కుంచె పట్టడం చిన్న సంగతి కాదు. అయినా మనలో ఎందరికి ఆ ఇద్దరి పేర్లు తెలుసు? వాళ్ళకే ఆ గతి పడితే, జె.జె.లో పీట మీద గంటలకొద్దీ కదలకుండా కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెడతారు?

ఇది మన దేశపు జబ్బే అనుకోనక్కర్లేదు. పారిస్‌లో 1865లో ఎదువార్ మానే తన ‘ఒలింపియా’ చిత్రాన్ని ప్రదర్శిస్తే ఊరంతా గగ్గోలెత్తింది. అందులో పరుపు మీద నగ్నంగా పడుకున్న ఆవిడ సిగ్గుపడకుండా చూసేవాళ్ళకేసి సూటిగా చూస్తుంది. గగ్గోలు ఒంటికన్నా ఆ చూపుకే ఎక్కువ అయిందేమోనని నా అనుమానం. ఆ మోడల్ పేరు విక్తోరిన్ మెరాఁ. తర్వాత ఆమె కూడా చిత్రకారిణి అయింది. 1876లో పారిస్ సాలన్ వాళ్ళు మానే చిత్రాలు వద్దని తిప్పికొట్టి, ఆవిడ చిత్రం తీసుకున్నారు! ఈ ముక్క చదివినరోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంత చేసినా లోకానికి ఆవిడ నేటికీ ఒలింపియానే.

మన అమృతా షేర్‌గిల్ ఈ చిక్కుని ఇంకోలా విప్పింది. ఎవరో ఎందుకు, నా ఒళ్ళు నాకు లేదా అన్నట్టు 1934లో తన్ని తాను అర్ధనగ్నంగా టాహిటీ దీవి పిల్లలా చిత్రించుకుంది. గోగాఁ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆ దీవి ఆడవాళ్ళని గీసి పేరుపొందాడు. ఇక్కడ బొమ్మా ఆవిడే, కుంచె పట్టిందీ ఆవిడే. ఆ చిత్రం ముందు నిలబడితే సరసం కన్నా ఆలోచన ఎక్కువ కనబడుతుంది. ఆ మొహంలో ‘నేనేం అనుకుంటున్నానో మీకు చెప్పను’ అన్న బిగువు ఉంటుంది. ఆవిడ 1941లో, 28 ఏళ్ళకే పోయింది. అదేమిటో, ఆవిడకీ రామారావుకీ ఆయుష్షు దగ్గర దగ్గరే.

ఇక మన తెలుగిళ్ళకి శృంగార చిత్రం వచ్చింది చిత్రశాలల దారిన కాదు, పత్రికల దారిన. మా అమ్మ ట్రంకుపెట్టెలో ‘యువ’ దీపావళి సంచికలుండేవి. వడ్డాది పాపయ్యగారి బొమ్మలు! ఆ పొగమంచు రంగులు, ఆ జారే పైటలు, ఆ నడుములు. మా నాయన వాటిని మడతపడకుండా దాచేవాడు, మా అమ్మ వాటిలోని చీరల అంచులు చూసేది. బాపుగారి సన్నగీత అమ్మాయి అయితే ఏకంగా మన భాషలోకే వచ్చేసింది. అందంగా ఉన్న పిల్లని ‘బాపు బొమ్మ’ అంటాం. ఆ పిల్ల పేరేమిటని ఎవరం అడగం. నాకు ఆ బొమ్మలంటే ఇప్పటికీ ఇష్టమే. అయితే ఒకటి చెప్పాలి. ఆ బొమ్మల్లాంటి నడుము లేదని అద్దం ముందు నిలబడి ఏడ్చిన పిల్లలు నా తరంలో నాకు తెలుసు.

ఆ తర్వాతి చిత్రకారులు వేరే తోవ తొక్కారు. మెదక్ జిల్లా నిజాంపురంలో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గీతల్లో మేకలూ, చెట్లూ, ఆడా మగా అంతా ఒక్క కుటుంబం. కోరిక ఆడదాని ఒంట్లోనే ఉందన్నట్టు గీయడు. మగవాడూ అంతే బట్టలు విప్పి అంతే వెర్రిగా నిలబడతాడు. ఇది నాకు న్యాయంగా తోస్తుంది. తోట వైకుంఠంగారి తెలంగాణ ఆడవాళ్ళకి నిండా చీరె, నిండా బొట్టు. అయినా ఆ చిత్రాల్లో ఉన్నంత వేడి ఎన్నో నగ్నచిత్రాల్లో ఉండదు. సరసానికీ బట్టకీ అంత లంకె లేదని వీళ్ళిద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

కోర్టుల సంగతి కూడా చెప్పుకోవాలి. బొంబాయిలో 1954లో అక్బర్ పదమ్‌సీ ‘లవర్స్’ అనే చిత్రాలు ప్రదర్శిస్తే పోలీసులు అశ్లీలం అని కేసు పెట్టారు. కోర్టు ఆయన్ని వదిలేసింది. ఆయన 2020లో కన్నుమూశాడు. అయినా గొడవ ఆయన్ని వదల్లేదు! ఆయనవీ, ఎఫ్.ఎన్. సూజావీ ఏడు చిత్రాలు విదేశం నుంచి వస్తే కస్టమ్స్‌వాళ్ళు అశ్లీలం అని పట్టుకున్నారు. బొంబాయి హైకోర్టు 2024 అక్టోబరులో ఆ ఉత్తర్వుని కొట్టేసి, నగ్నంగా ఉన్నదల్లా అశ్లీలం కాదని తేల్చింది. డెబ్భై ఏళ్ళకి మళ్ళీ అదే పాఠం.

మాటల్లో గీసిన శృంగారానికీ ఇదే గతి పట్టింది. అదీ ఆడదాని చేత్తో రాస్తే మరీను. తంజావూరు ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎత్తేసింది ఎవరు? టంగుటూరి ప్రకాశం పంతులుగారు, 1946–47లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నప్పుడు. మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలని 1970లో కర్నూలు నుంచి విడదీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో ఆ జిల్లాకి ఆయన పేరే పెట్టారు. హద్దులు తర్వాత ఎన్ని మారినా, ఒక ఆడమనిషి తన సరసాన్ని తాను చెప్పుకోవచ్చునన్న పెద్దమనిషి పేరు చెప్పుకుని పెరిగినవాళ్ళం మేము.

అయినా మా ఇళ్ళల్లో అంత ఉదారం ఎక్కడిది? మా చెల్లెలిది గిద్దలూరు. దాని కూతురు చిత్రకళ చదువుతోంది. పోయిన దసరా సెలవులకి వచ్చినప్పుడు సంచిలోంచి బొమ్మల పుస్తకం జారి తెరుచుకుంది. అందులో ఒక నడివయసు ఆవిడ, నగ్నంగా, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మా మరిది మొహం మాడిపోయింది. “ఇందుకేనా నేను అంత ఫీజు కట్టింది? ఇంక చాలు, బీయెడ్‌లో చేరు” అన్నాడు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఎవరం నోరెత్తలేదు.

మా అమ్మ మెల్లిగా వచ్చి పుస్తకం దగ్గరికి తీసుకుని చూసింది. “ఎవురే ఈమె?” అంది. “మా క్లాసుకి మోడల్‌గా వస్తుందవ్వా” అంది పిల్ల భయంభయంగా. “ఇద్దరో ముగ్గురో బిడ్డలు పుట్టినారే ఈమెకి. పొట్ట మింద గీతలు జూడు. అలిసిపోయి కూసున్యాది పాపం. పేరేంది?”

పిల్లకి తెలీదు. నాలుగు నెలల్నించీ వారానికి రెండుసార్లు గీస్తోంది, పేరు మాత్రం తెలీదు. మా అమ్మ ఇంకేం అనలేదు. “పేరన్నా అడగొద్దంటే?” అని పుస్తకం మూసి ఇచ్చింది. మా మరిది బయటికి వెళ్ళి బీడీ కాల్చుకొచ్చాడు. బీయెడ్ మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాతి ఫీజు కట్టాడని చెల్లెలు చెప్పింది.

నిజమేగా? మా అమ్మ ఆ బొమ్మలో సిగ్గుపడవలసింది ఏమీ చూడలేదు. ఒక మనిషిని చూసింది. కాన్పులు చూసింది, అలుపు చూసింది. బొమ్మ గీసిన పిల్లకి ఆ గీతలు వెయ్యాలని తోచిందంటే, దాని చేతిలో కళ ఉన్నట్టే. నగ్నచిత్రం మంచిదా చెడ్డదా అని నన్నెవరైనా అడిగితే ఇప్పుడు నేను ఈ కొలతే వాడతాను. చూసినవాళ్ళకి ‘ఈమె ఎవరు?’ అని అడగబుద్ధి కావాలి.

సెలవులయ్యాక పిల్ల కాలేజీకి వెళ్ళి ఆవిడని పేరు అడిగిందట. ఆవిడ చీర సర్దుకుంటూ, “పేరెందుకులేమ్మా? మా పిల్లోళ్ళకి నేను ఆఫీసులో ఊడుస్తానని చెప్పుకున్నా” అందట. మరాఠీలో 2018లో వచ్చిన ‘న్యూడ్’ సినిమాలో కథా ఇదే. జె.జె. కళాశాలలో మోడల్‌గా నిలబడి, ఆ డబ్బుతో కొడుకుని చదివిస్తూ, వాడికి తెలియకుండా దాచుకునే తల్లి కథ. గోవా చలనచిత్రోత్సవం 2017లో ఆ సినిమాని మొదట ఎంపికచేసి, తర్వాత తీసేశారు.

గీసినవాడికి పద్మశ్రీ రావచ్చు. కొన్నవాడి గోడకి గౌరవం పెరగవచ్చు. కదలకుండా కూర్చున్న ఆవిడ మాత్రం బిడ్డల దగ్గర అబద్ధం ఆడాలి. ఖండువుల మహాదేవికి దేవత దిగంబరంగా ఉందన్న దిగులు లేదు. తన పేరు రాతిలో చెక్కించుకుంది. ఆవిడ రాణి కదా అంటారా? నిజమే. పేరు చెప్పుకోవడానికి రాణి అయి ఉండాలా అన్నదే నా బాధ.

మా పిల్ల ఆ బొమ్మని పూర్తిచేసింది. మూలన తన సంతకం పెట్టుకుంది. దానికి ఎదురుగా ఇంకో పేరు పట్టేంత చోటు వదిలింది. ఆవిడ ఎప్పుడు సరేనంటే అప్పుడు రాస్తుందట.