పరీక్షా మ్రొక్కులు

పరీక్షలలో ఉత్తీర్ణతను గాని, ఉన్నతశ్రేణిని గాని, కోరిన విద్యాలయమున ప్రవేశమును గాని అపేక్షించి, విద్యార్థులును వారి తల్లిదండ్రులును దేవతాదర్శనము చేసి, సంకల్పము చెప్పుకొని, కోరిక యీడేరిన పిమ్మట మ్రొక్కు చెల్లించు ఆచారము. తెలుగువారిలో నిది ప్రధానముగా సరస్వతిని, వినాయకుని, ఆంజనేయుని, వేంకటేశ్వరుని, కొన్ని వైష్ణవ కుటుంబములలో హయగ్రీవుని ఆశ్రయించి యున్నది. ఈ ఆచారము మిక్కిలి వ్యవస్థితరూపమున కానవచ్చునది జపానుదేశమున. ఇచట తెలుగునాటి పద్ధతియు, అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి కాపెల్ పట్టణ ప్రాంతపు తెలుగు కుటుంబములలో అది పొందిన రూపమును ముఖ్యముగాను, జపాను సంప్రదాయము పోలిక కొరకును వివరింపబడుచున్నవి.

ఈ ఆచారము ఎంత ప్రాచీనమన్న విషయమున ఏకాభిప్రాయము లేదు. అక్షరాభ్యాసమే దీనికి మూలమనువారు కలరు. మాఘ శుద్ధ పంచమియగు వసంతపంచమినాడో, మరొక శుభముహూర్తముననో, తండ్రి ఒడిలో కూర్చున్న శిశువు చేయి పట్టి పళ్ళెములోని బియ్యముమీద ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని వ్రాయించుట తరతరముల నుండి వచ్చుచున్నదే. చదువునకు తొలిమెట్టును మన భాషలో ‘ఓనమాలు’ అనుట ఆ నమస్కారమునుండి పుట్టినదే. అయితే అక్షరాభ్యాసమున కోరబడునది విద్య. పరీక్షా మ్రొక్కున కోరబడునది ఫలితము. ఈ రెంటికిని గల అంతరము సామాన్యమైనది కాదు. మదరాసు విశ్వవిద్యాలయము 1857లో నెలకొని, మెట్రిక్యులేషను మొదలగు పరీక్షలు ఉద్యోగమునకు ద్వారములైన తరువాతనే, ఒక నిర్ణీత దినమున, ఒక నిర్ణీత ఫలితము కొరకు దైవమును వేడుకొను అలవాటు ప్రబలినదని తలచుటయే యుక్తముగా తోచుచున్నది. దేవత సనాతనము, కోరిక మాత్రము ఆధునికము.

తెలుగునాట ఈ విషయమున అగ్రస్థానము బాసరది. నిర్మల్ జిల్లాలో గోదావరీతీరమున వెలసిన ఈ జ్ఞానసరస్వతీ క్షేత్రమునకు స్థలపురాణము వ్యాసుని కర్తగా చెప్పును: కురుక్షేత్ర సంగ్రామానంతరము మనశ్శాంతిని కోరి దండకారణ్యమునకు వచ్చిన వ్యాసమహర్షి, ప్రతిదినము గోదావరిలో స్నానమాడి మూడు పిడికిళ్ళ ఇసుక తెచ్చి మూడుచోట్ల ఉంచగా, అవి సరస్వతీ లక్ష్మీ కాళికా మూర్తులైనవట. వ్యాసపురమే వాసరయై బాసర యైనదని పేరునకు వ్యుత్పత్తి. వకారము బకారమగుట పొరుగుననున్న మరాఠీ భాషాప్రభావమని కొందరందురు. ఆలయనిర్మాణమును నందగిరి, అనగా నేటి నాందేడు, రాజధానిగా ఏలిన బిజియలుడను రాజునకు ఆరోపించి ఆరవ శతాబ్దికి చేర్చుట పరిపాటి. మరికొందరు దానిని చాళుక్యుల కాలపు కట్టడముగా నెంచుదురు. మొదటి కథనము విశేషముగా స్థానిక సంప్రదాయము మీదనే ఆధారపడినది కావున దానిని ఐతిహ్యముగా గ్రహించుట మేలు. సరస్వతీదేవి ముఖమునకు అలదిన పసుపును ప్రసాదముగా నిత్తురు. నాలుక చివర నిడిన ఆ చిటికెడు పసుపు వాక్కును, బుద్ధిని వికసింపజేయునని విశ్వాసము. చిన్న కాగితపు పొట్లమున కట్టి యింటికి తెచ్చుకొన్న ఆ పసుపును పరీక్షనాటి ఉదయమునకై దాచియుంచు కుటుంబములు కలవు.

బాసర తరువాత చెప్పదగినది కోనసీమయందలి అయినవిల్లి. అచటి సిద్ధివినాయకుని సన్నిధిని వార్షికపరీక్షలకు ముందు లక్ష కలములకు పూజ చేసి వానిని విద్యార్థులకు పంచిపెట్టుదురు. విజయవాడ ఇంద్రకీలాద్రిమీద దసరా నవరాత్రులలో మూలానక్షత్రమునాడు కనకదుర్గమ్మను సరస్వతిగా అలంకరింతురు. ఆనాటి దర్శనమునకు విద్యార్థులు వేలకొలది బారులు తీరుదురు. సిద్దిపేట జిల్లా వర్గల్‌లోని విద్యాసరస్వతీ ఆలయము ఈ కాలమున వెలసినదే యైనను హైదరాబాదునకు చేరువగుటచే అక్షరాభ్యాసములకు పేరొందినది. ఇక ఏ ఊరి గుడిలోనైనను హాలుటికెట్టును దేవుని పాదములకు తాకించి, దాని మూలను కుంకుమచుక్క పెట్టించుకొని పోవు పదవతరగతి పిల్లలు మార్చి మాసమున కనబడుచునే యుందురు. హైదరాబాదు సమీపమున ఉస్మాన్‌సాగరు ఒడ్డుననున్న చిలుకూరు బాలాజీ ఆలయము పరీక్షలకంటె విదేశయానపు వీసాలకు ప్రసిద్ధము: కోరికతో 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన పిమ్మట 108. అచట హుండీ లేదు. కాపెల్ ప్రకరణమునకు ఈ ఆలయము అవసరమగును.

జపానులో విద్యాదేవతగా పూజింపబడునది పుట్టుకతో దేవత కాదు. మనుష్యుడు, పండితుడు, అన్యాయమునకు గురియైనవాడు. సుగవారా నో మిచిజానె 845లో జన్మించెను. 870లో ఆయన రాజ్యపు అత్యున్నత విద్యాపరీక్షకు కూర్చుండగా, పరీక్షకుడైన మియాకో నో యోషికా ఇచ్చిన ప్రశ్నలు రెండు: వంశములను గూర్చి ఒకటి, భూకంపములను గూర్చి వేరొకటి. ఉత్తీర్ణుడయ్యెను, అయితే లభించిన శ్రేణి మధ్యమములో ఉత్తమము మాత్రమే. నేడు లక్షలాది విద్యార్థులు పరీక్షాదైవముగా కొలుచు ఈ మహనీయునికి ప్రథమశ్రేణి రాలేదను సంగతి మార్కులు తక్కువై కుమిలిపోవు పిల్లలకు తప్పక చెప్పదగినది. 899లో ‘కుడి మంత్రి’ యను ఉన్నతపదవి నందుకొన్న ఆయన, ఆస్థానమందలి ప్రత్యర్థియైన ఫుజివారా నో తొకిహిరా మోపిన అభియోగముచే 901లో క్యూషూ ద్వీపమందలి దజాయిఫూకు పంపివేయబడి, 903లో అచటనే మరణించెను. తరువాత రాజధానిలో సంభవించిన మృత్యువులు, 930లో రాజప్రాసాదముమీద పడిన పిడుగు, ఆయన ఆత్మక్షోభకు ఫలములని జనులు భయపడిరి. ఆ భయమే క్రమముగా భక్తియై, 947లో క్యోటోలో కితానో తెన్మాంగూ అను ఆలయము వెలసినది. దజాయిఫూలోని ఆలయమునకు 905 అనియు, 919 అనియు రెండు స్థాపనావత్సరములు చెప్పుదురు. మొదటిది సమాధికడ శిష్యుడు కట్టిన చిన్న గుడికిని, రెండవది రాజాజ్ఞచే లేచిన మందిరమునకును చెందునని గ్రహించినచో విరోధము తొలగును. ఇప్పుడున్న ప్రధానమందిరము 1591 నాటిది.

జపాను చరిత్రలో ‘ఎదో’ అను యుగపు వీథిబడులలో పిల్లలు తెంజిన్ అను పేర ఈ దేవునికి మ్రొక్కి వ్రాత నేర్చుకొనిరి. ప్రవేశపరీక్షలు జీవితనిర్ణాయకములైన ఆధునికకాలమున ఆ భక్తియే పరీక్షాప్రార్థనగా మారినది. శవవాహనమును లాగుచున్న ఎద్దు కదలక కూలబడినచోటనే మిచిజానెను పూడ్చిరన్న కథ ననుసరించి, ఆలయములలో పడుకొన్న ఎద్దు విగ్రహము లుండును; దాని తలను నిమిరి, తమ తలను నిమురుకొందురు; వేల చేతులు తాకి దాని నొసలు నునుపెక్కి మెరయుచుండును. ‘ఎమా’ యను ఐదు మూలల చిన్న చెక్కపలకమీద చేరగోరు విద్యాలయపు పేరు వ్రాసి వ్రేలాడదీయుదురు. 2021 నుండి నూతనరూపమున జరుగుచున్న దేశవ్యాప్త ప్రవేశపరీక్ష జనవరిలో వచ్చును. అప్పటికి టోక్యోలోని యుషిమా తెంజిన్ ఆలయమున పలకమీద పలక చేరి కొయ్యచట్రములు కనబడవు. ఆ రోజులలో ఇంట, పరీక్ష తప్పుటను స్ఫురింపజేయు ‘జారుట’, ‘పడుట’ అను మాటలు పలుకరు. కిట్‌క్యాట్ అను చాక్లెట్టు పేరు ‘తప్పక గెలుతువు’ అను జపాను మాటను పోలియుండుటచే దానిని పరీక్షార్థులకు కానుకగా నిత్తురు. తెలుగు పాఠకునికి విశేషముగా తోచునది మరొకటి: మన సరస్వతియే బెంజాయితెన్ అను పేర జపాను చేరి సంగీతమునకు, సంపదకు దేవతయైనది గాని, పరీక్షాభారము ఆమె వంతునకు రాలేదు. బౌద్ధాలయములలో ఆ భారము మంజుశ్రీ బోధిసత్త్వునిది. నారా ప్రాంతపు సకురాయిలోని అబె మొంజు-ఇన్ దానికి ప్రసిద్ధము.

కాపెల్, డాలస్ నగరమునకు వాయవ్యమున, డాలస్–ఫోర్ట్‌వర్త్ (డి.ఎఫ్.డబ్ల్యూ.) విమానాశ్రయపు ఉత్తరపుటంచున నున్న పట్టణము. 1955లో పురపాలకముగా ఏర్పడినది. 2020 జనగణన ప్రకారము జనసంఖ్య సుమారు 43,000. పూర్వనామము గిబ్స్, ఇప్పటి పేరునకు కారకుడైన జార్జి కాపెల్ రైల్వే ఇంజనీరని కొందరు, రైల్వేకు ధనము సమకూర్చినవాడని కొందరు వ్రాసిరి, రెండవదే విశ్వసనీయము. కంప్యూటరు ఉద్యోగములపై ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచట పెక్కు. వారి ఆలయదర్శనములకు ప్రక్కనున్న అర్వింగులోని ఏకతా మందిరమును, సుమారు 20 మైళ్ళ దూరమున ఫ్రిస్కోలో మైసూరు దత్తపీఠాధిపతి గణపతి సచ్చిదానంద స్వామివారి ఆశీస్సులతో వెలసిన కార్యసిద్ధి హనుమదాలయమును ప్రధానస్థానములు. టెంకాయ కట్టి, నియమిత దినములు ప్రదక్షిణలు చేయు పూర్ణఫలదీక్ష కార్యసిద్ధి హనుమంతుని ఆరాధనలో ముఖ్యాంగము. పేరే కార్యసిద్ధి యగుటచే విద్యార్థులకు ఆ స్వామి చేరువైనాడు.

సంకల్పమున దేశమును చెప్పునపుడు ‘జంబూద్వీపే భరతవర్షే’ అనుటకు మారుగా అమెరికాలోని పలువురు పురోహితులు ‘క్రౌంచద్వీపే రమణకవర్షే ఐంద్రఖండే’ అని చదువుదురు. ఈ భౌగోళిక సమన్వయము అందరికిని సమ్మతము కాదు. పిల్లవాని గోత్రనక్షత్రములు మాత్రము మారవు. మారినది పరీక్ష. తెలుగునాట ఒక దినము, ఒక హాలుటికెట్టు, ఒక ఫలితము, ఇచటనో, కళాశాలా ప్రవేశమునకైన ఎస్.ఎ.టి. పరీక్షను మరల మరల వ్రాయవచ్చును, కళాశాలాస్థాయి పాఠ్యాంశములకు సంబంధించిన ఏ.పీ. పరీక్షలు మే మాసమున వరుసగా వచ్చును, పైగా 1997 నాటి టెక్సాసు చట్టము ఉన్నతపాఠశాలలోని తరగతిశ్రేణిలో ముందున్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రవేశమునకు హామీ నిచ్చినందున, నాలుగేండ్ల ప్రతి చిన్న పరీక్షయు లెక్కకు వచ్చును. కావున మ్రొక్కునకు తుదిదినము లేక, వారాంతపు అర్చనగా సాగుచున్నది. 2024 నుండి ఎస్.ఎ.టి. కంప్యూటరుమీదనే జరుగుచుండుటచే అయినవిల్లి కలము చోట ల్యాప్‌టాపు మూతమీది పసుపుబొట్టు నిలిచినది. తల్లిదండ్రులలో పలువురు చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసి వచ్చినవారే. తాము దైవకృపగా భావించిన ఈ విదేశయానమునకు బిడ్డల చదువే సార్థక్యమని వారు నమ్ముట సహజము. అయితే మ్రొక్కు బిడ్డది కావలెనే గాని, బిడ్డమీద మోపినది కారాదు. జపాను పలకమీద వ్రాయునది విద్యార్థి చేయి. మన గుడిలో సంకల్పము చెప్పునది తరచు తండ్రి నోరు. ఈ ఒక్క విషయమున వారి పద్ధతి అనుసరింపదగినది.

కాపెల్ నుండి వేసవి సెలవులలో స్వదేశమునకు పోవువారు వసంతపంచమి దాటిపోయినదని విచారింప నక్కరలేదు. బాసరలో అక్షరాభ్యాసములు నిత్యము జరుగును. సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గమున నిజామాబాదు దాటిన పిమ్మట బాసర స్టేషను వచ్చును.