వికారము

నోట నీరూరుచు, కడుపులో త్రిప్పుచు, అన్నమును చూచినంతనే డోకు వచ్చునట్లుండు బాధకు వికారమని పేరు. జ్వరము వలెనే ఇదియు అనేక వ్యాధులకు సమానమైన లక్షణము.

మెదడు అడుగున, వెన్నుపాముతో కలియు మెడుల్లా యను భాగమునందు, రక్తములోని విషపదార్థములను పసిగట్టు చిన్న ప్రదేశమొకటి కలదు. వాంతిని నడుపు నాడీకేంద్రములకు అచటినుండియే గాక, వేగస్ నాడి ద్వారమున జీర్ణకోశమునుండియు, లోపలి చెవినుండియు, భయజుగుప్సాదులకు నెలవైన మెదడు పైభాగములనుండియు వార్తలు చేరుచుండుటచేతనే, చెడిన భోజనము, ఘాటురోడ్డుపై బస్సుప్రయాణము, పరీక్షాభయము అను పొంతనలేని మూడు కారణములు ఒకే బాధను పుట్టించుచున్నవి.

విందు తిన్న 1 నుండి 6 గంటలలో పలువురికి ఒక్కమారు వాంతులు మొదలైనచో స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవుల విషమును శంకింపవలెను. వంటకమును మరల కాచినను ఆ విషము నశింపదు. గర్భిణుల వేవిళ్ళు సాధారణముగా ఆరవ వారము ప్రాంతమున నారంభమై, 16–20 వారముల నాటికి శమించును. బరువు తగ్గుచున్నచో మాత్రము చికిత్స అవసరము. మెట్‌ఫార్మిన్, ఇనుప మాత్రలు, క్యాన్సరు మందులు, పార్శ్వపు నొప్పి, కామెర్లు, మూత్రపిండముల వైఫల్యము కూడ దీనికి హేతువులు.

మన యిండ్లలో ప్రతి వికారమును పైత్యమని నిర్ణయించి, నిమ్మరసమో శొంఠికషాయమో యిచ్చి ఊరకుండుట పరిపాటి. శొంఠి కొంత మేలు చేయుననుట నిజమే గాని, ఆ నిర్ణయమే ఒక్కొక్కయెడ ప్రాణాపాయమగును. మధుమేహరోగులలోను, వృద్ధులలోను, స్త్రీలలోను గుండెపోటు ఛాతీనొప్పి స్ఫుటముగా లేకయే వికారముతో, చెమటతో, ఆయాసముతో పొడసూపవచ్చును. పురుగుమందు చల్లిన రైతునకు వికారముతోపాటు లాలాజలము కారుట, చూపు మసకబారుట కనబడినచో అది విషప్రభావమే. రాత్రి నేలపై నిద్రించినవానికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు కలిగి, కనురెప్పలు వ్రాలుచున్నచో, గాటు కానరాకున్నను కట్లపాము కాటని భావింపవలెను.

వాంతిలో రక్తముగాని పచ్చని పసరుగాని పడినను, తీవ్రమైన తలనొప్పితో మెడ బిగిసినను, కడుపునొప్పి ఎడతెగకున్నను, తెలివి తప్పుచున్నను, మూత్రము తగ్గినను, మధుమేహరోగికి వాంతులు ఆగకున్నను జాగు చేయరాదు. తేలికపాటి వాంతులలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లమును లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి గుక్కగుక్కగా త్రాగించిన చాలును. ఒక దినము గడచినను అదియు నిలువనిచో వైద్యుని చూడవలెను. ఆపత్సమయమున 108కి ఫోనుచేసి, రోగి వాడుచున్న మందులను, పురుగుమందైనచో దాని డబ్బాను వెంట గొనిపోవలెను.