దొరల ఫలహారము – కార్మికుని చద్ది

1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరును గొప్ప జంక్షనుగను, కార్ఖానా కేంద్రముగను తీర్చిదిద్దెను. అచటి రైల్వే కాలనీలో ఐరోపా అధికారులును, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులును నివసించిరి. వారి ఉదయ ఫలహారమునకు ఆదర్శము ఇంగ్లండు పళ్లెరమే: వేపిన కోడిగ్రుడ్లు, ఉప్పులో ఊరిన పందిమాంసమగు బేకన్, సాసేజి, టొమాటో, పుట్టగొడుగులు, టోస్టు, నారింజ మార్మలేడు, తేనీరు.

అయితే ఆ పళ్లెరము అచ్చముగా ఇంగ్లీషువారిది కాదు. టొమాటో అమెరికా ఖండమునుండి, తేయాకు చైనానుండి వచ్చినవి. మన కిచిడీయే చేపను, ఉడికిన గ్రుడ్డును చేర్చుకొని ‘కెడ్జెరీ’ యను పేర ఇంగ్లండు ఉదయ భోజనమున చోటు సంపాదించెను. 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఈ సంగతిని పేర్కొన్నది.

అదే పట్టణమున తెలుగు కార్మికుడు చద్దియన్నము, ఉల్లిపాయ, మిరపకాయలతో కడుపు నింపుకొని కార్ఖానాకు పోయెడివాడు. 1927లో ఖరగ్‌పూరు కార్మికులు సమ్మె కట్టినది ఆ నాలుగు మెతుకులు నిలుపుకొనుటకే. ఆ రైల్వే కార్మికోద్యమమున వి. వి. గిరిగారు ప్రముఖ నాయకులు.

దొరలు వెడలిపోయిరి. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడెను. ఆ పళ్లెరమునుండి రొట్టె, గ్రుడ్డు మాత్రము బ్రెడ్ ఆమ్లెట్టుగా రైలు ప్రయాణికులకు మిగిలినవి. దానిని తినుటకు నేడు ఎవరును దొర కానక్కరలేదు.