‘వ్యూ’: నకలు కాని చూపు
‘చూచుట’ అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిన ‘వ్యూ’, డేటాబేసుల్లో సొంత సమాచారం దాచుకోక మూల పట్టికనే చూపే కల్పిత పట్టికకు పేరై, 1998లో జావా భాష 1.2 వెర్షన్‌తో వచ్చిన కలెక్షన్స్ చట్రంలోనూ దాదాపు అదే అర్థంలో స్థిరపడింది. అరబ్బీ మూలం గల, రెవెన్యూ కచేరీల్లో నేటికీ వినిపించే ‘నకలు’ తీసిన నాటి స్థితినే చూపితే, వ్యూ మూలంతో పాటే మారుతుంది. ఆ చట్రంలోని అన్‌మోడిఫయబుల్‌లిస్ట్ (‘మార్చరాని జాబితా’) అనే పద్ధతి ఇచ్చే జాబితా, పేరు కలిగించే భ్రమకు భిన్నంగా, తన ద్వారా జరిగే మార్పును అడ్డుకుంటుందే గాని, మూల జాబితాలో మరొకరు చేర్చిన అంశాన్ని దాచదు; మార్చరాని నకలు కావలసినవారికి 2018లో జావా 10 ‘కాపీఆఫ్’ను అందించింది. పైథాన్ భాషలోనూ ఇదే తేడా కనిపిస్తుంది: పైథాన్ 2లో డిక్షనరీ కీలతో కొత్త జాబితా ఇచ్చిన ‘కీస్’ పద్ధతి 2008 నాటి పైథాన్ 3 నుండి వ్యూనే ఇస్తున్నందున, ఆ కీలను ఒక్కొక్కటిగా చూస్తూనే డిక్షనరీలోని అంశాలను తొలగించబోయే పాత ప్రోగ్రాము దోషంతో ఆగిపోతుంది.