మానిన గుండె, మానని భయము

గుండెపోటు నుండి బయటపడి ఇల్లు చేరిన వృద్ధులను మనలో చాలమంది చూచియే యుందుము. మెట్లెక్కునపుడు కొంచెము ఆయాసము కలిగినను, ‘మరల వచ్చినదేమో’ యని వారు తల్లడిల్లుదురు. క్రమముగా నడక మానుదురు. ఒంటరిగా స్నానమునకు పోవుటకైనను జంకుదురు. ఈ భయమునకొక చరిత్ర కలదు. అందు కొంత భాగమును వైద్యమే వ్రాసినదనుట విచిత్రము.

నడచునపుడు వచ్చి, నిలిచినంతనే తగ్గెడి ఛాతీనొప్పిని 1768లో లండను వైద్యుడు విలియం హెబర్డెన్ స్పష్టముగా వర్ణించి, దానికి ‘ఆంజైనా పెక్టోరిస్’ అని పేరు పెట్టెను. ఆ నొప్పితో బాధపడిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్, తనకు కోపము తెప్పించు ఏ దుర్మార్గుని చేతిలోనైనను తన ప్రాణమున్నదని అనుచుండెడివాడట. 1793లో సెంట్ జార్జి ఆసుపత్రి సమావేశములో వాగ్వాదము జరుగగా ఆయన కుప్పకూలి మరణించెను. కనుక ఈ భయము వట్టి భ్రమ కాదు. అయితే హెబర్డెన్ మరియొక రోగిని గూర్చియు వ్రాసెను. ఆతడు ప్రతిదినము అరగంటసేపు రంపముతో కట్టెలు కోయుచు దాదాపు స్వస్థుడయ్యెనట! ఈ సూచన చాలకాలము మరుగున పడియుండెను.

గుండెకు రక్తమునిచ్చు ధమనిలో రక్తము గడ్డకట్టి అడ్డుపడినను, రోగి వెంటనే మరణించి తీరవలెనని లేదని 1912లో చికాగో వైద్యుడు జేమ్స్ హెర్రిక్ చూపెను. మరి బ్రతికినవానిని కాపాడుటెట్లు? విశ్రాంతియే మార్గమనిరి. 1939లో బోస్టను నగరమున మాలరీ, పాల్ వైట్, సాల్సెడో-సాల్గర్ అనువారు 72 మంది మృతుల గుండెలను పరీక్షించి, దెబ్బతిన్న కండరము మచ్చకట్టి గట్టిపడుటకు వారముల తరబడి పట్టునని తేల్చిరి. ఆరు వారములు మంచము దిగరాదను నియమమునకు ఇది బలమిచ్చెను. అన్నము సైతము నర్సు తినిపించెడిది. అట్లు నెలన్నర పడియున్నవాడు తన గుండె గాజుబుడ్డి యని నమ్మిన వింతయేమున్నది?

1952లో బోస్టనులోనే లెవైన్, లౌన్ అను వైద్యులు 81 మంది రోగులను తొలి వారములోనే కుర్చీలో కూర్చుండబెట్టిన ఫలితములను ప్రకటించిరి. పడుకొనినపుడు కాళ్ల నుండి గుండెకు రక్తము ఎక్కువగా చేరి దాని పని పెరుగునని, కాళ్లు క్రిందికి వ్రేలాడిన ఆ భారము తగ్గునని వారి వాదము. అనుకొన్న ప్రమాదము జరుగలేదు సరికదా, రోగుల మనస్సు తేలికపడెను.

1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చెను. అప్పుడాయన వయస్సు 64. చికిత్సలో సలహా ఇచ్చుటకు పిలువబడినవాడు పైన చెప్పిన పాల్ వైట్! ఆయన జబ్బును దాచక పత్రికలవారికి విడమరచి చెప్పెను; రోగి తిరిగి పనిలో ప్రవేశింపవచ్చుననెను. ఐసెన్‌హోవర్ 1956లో మరల ఎన్నికై 1961 వరకు పదవిలో నుండెను. తరువాత గుండెపోట్లు మరల వచ్చినవి. 1969లో 78వ యేట మరణించెను. అనగా, భయపడినది చివరకు వచ్చినది. కాని నడుమ పదమూడేండ్ల జీవితము నిండుగా గడిచినది.

నేడు చిక్కులు లేని రోగిని కొద్ది దినములకే ఇంటికి పంపి, క్రమముగా నడక పెంచుచున్నారు. ఇట్టి శిక్షణ పొందినవారిలో గుండెజబ్బు మరణములు, మరల ఆసుపత్రిలో చేరుటయు తగ్గునని అనేక పరిశోధనలు చూపినవి. కదలనివాని కండరములు సన్నగిల్లును. అప్పుడు నాలుగడుగులకే ఆయాసము వచ్చును. దానినే జబ్బనుకొని ఆతడు ఇంకను కదలడు. భయము తన సాక్ష్యమును తానే పుట్టించుకొనుననుట ఇందువలననే.

ఛాతీలో బరువు, చెమట, తగ్గని ఆయాసము కనిపించిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. అందు సందేహము లేదు. మిగిలిన దినములలో మాత్రము, వైద్యుడు అనుమతించిన మేరకు తాతగారిని ‘పడుకొనుడు’ అనుటకు బదులు, ‘రండి, వీధి చివరి వరకు నడచి వత్తము’ అని విద్యార్థి చేయి అందించిన, అదియు చికిత్సలో ఒక భాగమే.