భరతపురపు మట్టికోట

యమునకు ఇరుగడల వసించు జాట్లు ఏ వర్ణమునకు జెందినవారను వివాదము నేటికిని తెమలలేదు. తాము క్షత్రియులమని వారందురు. స్వహస్తములతో నాగలి పట్టుటయు, భర్తృవిహీనయైన స్త్రీని మఱది చేపట్టు 'కరేవా' యను ఆచారమును హేతువులుగా జూపి రాజపుత్రులు వారిని తమ పంక్తికి రానీయరైరి. వితంతువునకు మరల సంసారము కల్పించిన ఆచారమును హీనమనుట వింతయే. అయినను భూమి యింటిని వీడిపోకుండుటయే దానికి మూలకారణమనియు, ఆ వితంతువు ఇష్టానిష్టములు పెక్కుసారులు విచారింపబడలేదనియు గూడ చెప్పక తప్పదు.

క్రీ.శ. 8వ శతాబ్దమునాటికి సింధుదేశమున పశుపాలకులుగా నుండిన ఈ జనము క్రమముగా పంజాబునకును, యమునాతీరమునకును వ్యాపించి, మొగలాయీలనాటికి గట్టి కర్షకజనమై స్థిరపడెను. 1669లో తిల్పత్ జమీందారగు గోకులుడు రైతులను గూర్చుకొని మథురా ఫౌజుదారుపై దిరుగబడగా, ఆ పోరున ఫౌజుదారు హతుడయ్యెను. పిదప గోకులుడును పట్టువడి ఆగ్రాలో వధింపబడెను. సిన్సినీ గ్రామపు రాజారాముడు సికందరాలోని అక్బరు సమాధిని కొల్లగొట్టెను; అది మెచ్చదగిన పనికాదు. జాట్ నాయకుడగు బదనసింగునాటికి ఈ తిరుగుబాటే రాజ్యరూపము దాల్చెను. తత్పుత్రుడు సూరజ్‌మల్లు, మహారాష్ట్ర సేనాని సదాశివరావు భావుతో పొసగక పానిపట్టు యుద్ధమునకు ముందే వైదొలగినవాడయ్యును, 1761లో ఓడి పాఱివచ్చిన మహారాష్ట్రులకు అన్నవస్త్రము లొసగి యాదరించెను.

ఆతడు పటిష్ఠమొనర్చిన భరతపుర దుర్గమునకు వెలుపలి ప్రాకారము శిలామయము గాదు, మట్టికట్ట. దాని చుట్టును లోతైన కందకము. రాతిగోడను బ్రద్దలు సేయు ఫిరంగిగుండ్లు ఆ మట్టిలో దిగబడి నిలిచిపోయెడివి. కుంఫిణీతో పోరిన మహారాష్ట్ర నాయకుడు యశ్వంతరావు హోల్కరునకు ఆశ్రయమిచ్చిన భరతపుర రాజా రంజిత్‌సింగును శిక్షింపవచ్చిన కుంఫిణీ సేనాని లేక్ 1805 జనవరి, ఫిబ్రవరి మాసములలో నాలుగుమార్లు లగ్గలుపట్టించియు, మూడువేలకు పైగా భటులు హతులును క్షతగాత్రులును కాగా, లోనికి జొరలేక తుదకు సంధి యొనర్చుకొనెను. నాగలి పట్టిరని ఎవరిని తక్కువచేసిరో, వారు త్రవ్విపోసిన మట్టియే హిందూస్థానమునెల్ల గడగడలాడించిన కుంఫిణీ సేనను నిలిపివేసెను.

ఇంగ్లీషువారు ఆ పరాభవమును ఇరువదియేండ్లు మఱువలేదు. వారసత్వ వివాదము మిషగా 1825 డిసెంబరున కాంబర్‌మియర్ ప్రభువు మరల ముట్టడించెను. ఈమారు ఆతడు మొదట మోతీఝీల్ కట్టను స్వాధీనపఱచుకొని కందకమునకు నీరు పాఱకుండ జేసి, పిదప ప్రాకారము క్రింద సొరంగములు త్రవ్వించి, మందు దట్టించి పేల్చెను. 1826 జనవరి 18వ తేదీన కోట పడెను.