మంచినీటి ఆల్చిప్ప

మంచినీటి ఆల్చిప్ప (శాస్త్రీయ నామం: లామెల్లిడెన్స్ మార్జినాలిస్) మొలస్కా వర్గంలో యూనియోనిడే కుటుంబానికి చెందిన రెండు చిప్పల జలచరం. భారతదేశంలోని చెరువులు, కాలువలు, నదుల అడుగు బురదలో నివసిస్తుంది. దీనిని 1819లో లామార్క్ వర్ణించాడు.

శరీర నిర్మాణం

దీనికి తల ఉండదు. బలమైన కండరాలు చిప్పలను మూస్తాయి. కండర యుతమైన పాదంతో బురదలో నెమ్మదిగా కదులుతుంది. మొప్పల మీది శైలికలు నీటిని లోపలికి లాగి, అందులోని సూక్ష్మ శైవలాలను ఆహారంగా వడకడతాయి. దీనివల్ల నీరు తేటపడుతుంది.

జీవిత చక్రం

గుడ్లు తల్లి మొప్పలలోనే గ్లోకీడియం అనే డింభకాలుగా పెరుగుతాయి. నీటిలోకి వెలువడిన డింభకాలు చేపల మొప్పలకు, రెక్కలకు అంటుకొని కొంతకాలం పరాన్నజీవులుగా గడుపుతాయి. తరువాత పిల్ల ఆల్చిప్పలుగా మారి అడుగుకు రాలుతాయి. చేప దొరకని డింభకాలు మరణిస్తాయి. కనుక చెరువులో చేపలు అంతరిస్తే, పెద్ద ఆల్చిప్పలు బ్రతికి ఉన్నా వాటి సంతతి ఆగిపోతుంది.

ఉపయోగాలు

మంచినీటి ముత్యాల పెంపకంలో దీనిని ఉపయోగిస్తారు.